టేక్ మేడమ్ పేరు

మా పెద్దమ్మ పెళ్లి చేసుకోలేదు. చేసుకుని ఉంటే ఆ మొగుడి గతి ఏమయ్యేదో! ఆవిడకు ఇంగ్లిష్ మాటలతోనే తీరిక ఉండేది కాదు. నిఘంటువు ఆఫీసులో ఉద్యోగం. అక్కడ ఒక్కొక్కరికీ కొన్ని మాటలు పంచుతారు. చిన్నదే కదా అని ఆవిడకు ‘టేక్’ అనే క్రియను అంటగట్టారు. ఆ చిన్నదే ఆవిడ వయసంతా మింగేసింది. చివరికి ఆఫీసులో ‘టేక్ మేడమ్’ అనే పేరే స్థిరపడిపోయింది.

అట్టముక్కల మీద ఒక్కో వాక్యం రాసి డ్రాయర్లలో పేర్చేది. మందు వేసుకోవడం టేక్, బస్సెక్కడం టేక్, ఫొటో తీయడం టేక్, సెలవు పెట్టడం టేక్.

“అన్నిటికీ ఒకటే మాటేంటే, వాళ్లకు మాటలు కరువా?” అని అమ్మమ్మ మూతి విరిచేది.

“మొదట్లో దీనికి ముట్టుకోవడం అనే అర్థమే ఉండేదమ్మా. ముట్టుకున్న చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నది తీసుకుంది. అసలిది వాళ్ల సొంత మాట కూడా కాదు. సముద్రం దాటి వచ్చినవాళ్లతో వచ్చింది. అంతకుముందు తీసుకోవడానికి ‘నిమన్’ అని వాళ్ల మాటే ఒకటి ఉండేది. ఇది వచ్చి మెల్లగా దాన్ని బయటికి నెట్టేసింది.”

“అయితే కోడలన్నమాట!” అంది అమ్మమ్మ. అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్తయ్య.

అత్తయ్య అంటే మామయ్య భార్య. పెళ్లికి ముందు నుంచీ ఆఫీసులో పెద్దమ్మ పక్క బల్ల ఆవిడదే. “బంగారంలాంటి పిల్లరా” అని తమ్ముడికి నచ్చజెప్పి సంబంధం కుదిర్చింది పెద్దమ్మే. ఒకే ఇల్లు, ఒకే బస్సు. వదినా వదినా అంటూ వెంటే తిరిగేది. నాకు మొదటి నుంచీ ఆ తియ్యదనం పడదు. సరే, నా మాట ఎవరు వింటారు?

ఆ నిఘంటువులో పెద్ద మాటల వివరణ చివర, రాసినవాళ్ల పేరు చిన్న అక్షరాల్లో వేస్తారు. పెద్దమ్మ జీవితంలో ఆశపడింది ఆ ఒక్క గీతంత పేరుకే. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి తప్పు వాళ్ల కంటికి ఆనదని, ఆఖరి ప్రూఫు పక్క బల్లవాళ్లు దిద్ది నేరుగా అచ్చుకు పంపాలి. పెద్దమ్మ కాగితాల కట్ట అత్తయ్య చేతిలో పెట్టి, “నా ప్రాణం నీకిస్తున్నానే, జాగ్రత్త” అంది.

“మీ ప్రాణం నా ప్రాణం కాదా వదినా?” అంది మహాతల్లి.

పుస్తకం వచ్చిన రోజు పెద్దమ్మ కొత్త బట్టలు కట్టుకుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పింది. ‘టేక్’ దొరికింది. అర్థాలన్నీ ఆవిడ పేర్చిన వరసలోనే ఉన్నాయి, కామాలతో సహా. కింద పేరు మాత్రం అత్తయ్యది.

“అచ్చుతప్పయి ఉంటుందే” అంది పెద్దమ్మ నెమ్మదిగా.

“తప్పా, నా తలకాయా!” నాకు ఒళ్లు మండిపోయింది. అత్తయ్యను కేకేశాను.

ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది. “పెద్ద మాట ఒక్కటైనా నా పేరు మీద లేకపోతే ఉపసంపాదకురాలి పదవి ఇవ్వరట వదినా. మీకెలాగూ రిటైర్మెంట్ దగ్గరపడింది కదా అని...” తర్వాత ఏడుపు. నమ్మించి గొంతు కోసింది ఆవిడ, కన్నీళ్లు కూడా ఆవిడవే!

పెద్దమ్మ ఎదురుగా కుర్చీలో ఉన్న తమ్ముడి వైపు తిరిగింది. “నీకు తెలుసా?”

మామయ్య తల వంచుకున్నాడు. “నాతో చెప్పే చేసిందక్కా. అయినా పడింది మన ఇంటిపేరే కదా, బయటివాళ్లదా?”

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేం పట్టుకున్నాం. పట్టుకుని ఏం లాభం, ఇల్లంతా దొంగ వైపే ఉంది.

“రేపు సంపాదకుడి దగ్గరికి వెళ్తాను” అంది పెద్దమ్మ.

అంతవరకూ మంచం మీద ఊరకే కూర్చున్న అమ్మమ్మ ఒక్కసారిగా లేచింది. “తమ్ముడి కాపురాన్ని వీధిన పడేస్తావా? దాని ఉద్యోగం పోతే పిల్లల గతేంటి? నువ్వా ఒంటిదానివి. నీ పేరు చూసి ఎవరు మురవాలే? ఎవరికి కావాలే అది?”

నేను నోరు తెరవబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కన్నతల్లి ముఖంలోకి సూటిగా చూసింది.

“నాక్కావాలమ్మా” అంది. మళ్లీ, ఇంకా గట్టిగా, “నాక్కావాలి!” అంది.

మామయ్య లేచి, పక్కింటివాళ్లు వింటారని కిటికీ మూశాడు.