కట్ట మీద ‘వి’

మా కోర్టు గుమాస్తాగారికి పొదుపు ఎక్కువ. మాటల్లో, నవ్వుల్లో, చివరికి సిరాలో కూడా. వాదనలన్నీ విని, ఇక తీర్పు మాత్రమే మిగిలిన కేసు కట్ట మీద ఎవరైనా ‘విన్నారు’ అని రాస్తారు. ఆయన ‘వి’ అని రాసి పక్కన చుక్క పెట్టేవారు. ఇరవై రెండేళ్లుగా అదే అలవాటు. పక్క బల్ల దగ్గర టైపు చేసే నాకు ఆ చుక్కను చూస్తే ఒళ్లు మండేది. “ఇంకో రెండక్షరాలు రాస్తే మీ సొమ్మేం పోతుందండీ?” అని అడిగితే, “అర్థమవుతుంది కదమ్మా” అనేవారు. అర్థమయ్యేది మా గదిలో ఉన్నవాళ్లకే.

ఆయనకు ఒక్కతే అక్క. ఆమె భర్త తొమ్మిదేళ్ల కిందట పనికని వెళ్లి మళ్లీ రాలేదు. ఉన్నాడో పోయాడో తెలియదు. పోయినట్టేనని కోర్టు తేల్చితే ఆమె తన వీధి చివరి దర్జీని పెళ్లి చేసుకుంటుంది. నలభై ఆరేళ్ల పెళ్లికూతురు, యాభై దాటిన పెళ్లికొడుకు. ఆ దర్జీ ఆమె కోసం ఆకుపచ్చ జాకెట్టు ఒకటి కుట్టి రెండేళ్లుగా బీరువాలో దాచాడు. “నేను ఇంకా లావెక్కకముందే తీర్పొస్తే బాగుండు” అని ఆమె వచ్చినప్పుడల్లా నవ్వించేది. ఆ కేసులో వాదనలు కిందటి నెలే అయిపోయాయి. కట్ట మీద తమ్ముడే ‘వి.’ అని రాశారు.

అంతలో కొత్త నిబంధనలు వచ్చాయి. పక్క భవనంలో ఇంకో కోర్టు పెట్టి, సరి సంఖ్య కేసులన్నీ అక్కడికి పంపమన్నారు. వాదనలు పూర్తయినవి మాత్రం విన్న జడ్జిగారి దగ్గరే ఉండాలి. ఆయన నెలాఖరుకు బదిలీ మీద వెళ్లేలోగా వాటి తీర్పులు చెప్పెయ్యాలి. జాబితా రాయడానికి పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. సరిగ్గా ఆ మూడు రోజులూ గుమాస్తాగారు జ్వరంతో ఇంట్లో పడుకున్నారు. వచ్చినాయన ‘వి.’ అంటే ‘విచారణ’, కేసు ఇంకా నడుస్తోంది అనుకున్నాడు. ఆయన తప్పేముంది, ఎవరైనా అదే అనుకుంటారు. పదకొండు కట్టలు పక్క భవనానికి వెళ్లిపోయాయి. అక్కడ మొదటి సాక్షి నుంచి మళ్లీ వినాలి, వంతు రావడానికే మూడేళ్లు పడుతుంది.

గుమాస్తాగారు తిరిగొచ్చి జాబితా చదివారు. ముఖంలో చీమ కుట్టినట్టయినా లేదు. కుర్చీ నా వైపు లాక్కుని, జడ్జిగారికి పంపే నోటు చెప్పడం మొదలుపెట్టారు. తన రాత వల్లే పొరపాటు జరిగిందనీ, ఈ కింది కట్టలు వెనక్కి తెప్పించాలనీ. ఒక్కో నంబరూ నిదానంగా చెప్పారు. పది చెప్పి ఆగారు.

“ఇంకోటి ఉందండీ” అన్నాను.

“అది మా అక్కది.”

“అయితే?”

“నా రాతకి అర్థం నేనే చెప్పి, మా అక్క కట్ట నేనే వెనక్కి తెచ్చుకుంటే ఏమంటారమ్మా? ఇన్నేళ్లలో ఎవరిచేతా మాట పడలేదు.”

“మిగతా పదికీ మీరేగా చెప్తున్నారు!”

“వాళ్లు నాకేమీ కారు.”

“పోనీ, ఆవిడ వకీలు చేత అర్జీ పెట్టించండి. అప్పుడు ఎవరూ ఏమీ అనరు.”

“చూద్దాం” అన్నారు.

ఆయన ‘చూద్దాం’ నాకు తెలుసు. పదకొండో నంబరు నేనే టైపు చేసి ఇచ్చి ఉంటే, చూడకుండా సంతకం పెట్టేవారేమో. నేనూ చేయలేదు. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

పది కట్టలూ మర్నాడే వచ్చాయి. వారంలో పది తీర్పులూ వెలువడ్డాయి. ఆ వారమంతా ఆయన వేళకు వచ్చారు, కట్టలకు దారాలు బిగించారు, వేళకు వెళ్లారు. అక్క ఇంటివైపు మాత్రం వెళ్లలేదు. జడ్జిగారి వీడ్కోలు సభకు కుర్చీలు కూడా ఆయనే దగ్గరుండి వేయించారు.

జడ్జిగారు వెళ్లిపోయిన మర్నాడు అక్క వచ్చింది. వరండాలో నోటీసు బోర్డు మీది తీర్పుల జాబితా మీద వేలు పెట్టి నంబర్లన్నీ చూసుకుని లోపలికి వచ్చింది.

“పది వెనక్కొచ్చాయటగా తమ్ముడూ. మనది రాలేదే?”

“రాలేదక్కా.”

“ఎందుకురా?”

“నేను రాయలేదు.”

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆమె బెంచీ మీద కూర్చుని చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది.

“వకీలుగారు అడిగారురా, అర్జీ వేద్దామా అమ్మా అని. అక్కర్లేదండీ, లోపల మా తమ్ముడున్నాడు అని చెప్పాను.”

ఆయన ముందున్న కట్ట దగ్గరికి లాక్కుని, దాని మీద ‘విన్నారు’ అని మూడక్షరాలూ రాశారు. నేను మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టాను.