నల్లచెక్క మీద పద్నాలుగు సున్నలు

మా పెద్దమ్మ వామనగుంటల పలకకు చెదలు పట్టింది. ఏడేసి గుంటలు, రెండు వరసలు. వాటిలో చింతగింజలు పంచుతూ ఆమె రోజూ సాయంత్రం నన్ను ఓడిస్తుంది. చిక్కపేటలోని మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు ద్వారబంధంలోని నల్లటి బీటె చెక్క, అదే రోజ్‌వుడ్, ఒక్క ముక్క దాచుకుంది.

"దీంట్లో కొత్తది చేపియ్యప్పా," అంది.

అలాంటి చెక్క మళ్ళీ దొరకదు. గీత తప్పితే పలకా లేదు, ఆటా లేదు. ఆదివారం వడ్రంగి వస్తానన్నాడు. గుర్తులు గీసే పని నేనే అడిగి తీసుకున్నాను.

లెక్క సులువే. ఏడు గుంటలకు గోడలు ఎనిమిది. చాలామంది ఏడే అనుకుంటారు. చెదలు వదిలిన ఒక గుంటను కొలిస్తే అరవై మిల్లీమీటర్లు, దాని గోడ ఇరవై. ఏడు అరవైలు నాలుగువందల ఇరవై, ఎనిమిది ఇరవైలు నూట అరవై. చెక్కను సరిగ్గా ఐదువందల ఎనభైకి కోయించాను.

చిక్కంతా రంగుతోనే. మామూలు పెన్సిలు గీత తల పక్కకు వంచితే మెరిసేది, నిటారుగా చూస్తే మాయం. తెల్ల పెన్సిలు కొన్నాను. గీత కనబడింది కానీ మందం ఒక మిల్లీమీటరు దాటింది. నేను లెక్క వేసింది అరమిల్లీమీటరు తేడా కూడా రాకుండా!

నా భార్య తొంగి చూసి, "లెక్క సన్నం, గీత లావు. అచ్చం మీరూ నేనూ," అంది.

చివరికి జామెట్రీ పెట్టెలోని డివైడరు ముల్లుతో చెక్క మీదే గీరాను. గుంటల కేంద్రాలన్నీ ఒకే అంచు నుంచి కొలిచాను. ఒకదాని తప్పు ఇంకోదానికి అంటదు. గీరిన గీత మరీ సన్నం, కనబడదు. అందుకని విభూతి రుద్ది, గుడ్డతో తుడిచాను.

"దేవుడి ఇబూది మానుకు పూస్తాండావా?"

"ఇంట్లో పౌడరు అయిపోయిండాది పెద్దమ్మా."

"అట్లయితే పూయి. మానుకు గూడా పుణ్యం రానీ."

నల్లచెక్క మీద పద్నాలుగు తెల్లటి సున్నలు, వెంట్రుకంత సన్నంగా తేలాయి.

ఆదివారం వడ్రంగి చూసి, "ఇంత సన్న గీత మా మేస్త్రీ గూడా గీయల్యా సార్," అని ఉలి అందుకున్నాడు.

"ఉండప్పా," అని పెద్దమ్మ అయిదు వేళ్ళూ కూర్చి మొదటి సున్న మీద పెట్టింది. కణుపులు గీత దాటి రెండు పక్కలా బయటికి వచ్చాయి.

"నా చెయ్యి పట్టదు."

"పాతదాని కొలతే పెద్దమ్మా!"

"అది నా పెండ్లయిన కొత్తల్లో చేసిండేది. అప్పుడు కణుపులు వాచిండల్యా. ఇప్పుడు గింజల్ని గిల్లుకుంటా ఒక్కొక్కటే తీస్తాండా. నిదానమని నువ్వు ఎగతాళి చేస్తాండావు."

పెన్సిలు గీతను చెరపవచ్చు, గీరిన గీతను చెరపలేం. ఉన్న ఒక్క చెక్క మీద పద్నాలుగు తప్పులు! సిగ్గుపడుతూ స్కేలు తెచ్చి, మొదటిసారి ఆమె చెయ్యి కొలిచాను. అరవై ఎనిమిది.

అప్పుడు ఊపిరి ఆడింది. కేంద్రాలు మారవు. డివైడరును ఇంకో నాలుగు మిల్లీమీటర్లు తెరిచి గీస్తే, చిన్న సున్న పెద్ద గుంటలోనే కలిసిపోతుంది. గుంటల మధ్య గోడ ఇరవై నుంచి పన్నెండుకు దిగుతుంది, అంతే.

"పన్నెండు నిలుస్తుందా?" అని వడ్రంగిని అడిగాను.

"బీటె కదా సార్. పదైనా నిలుస్తాది."

మళ్ళీ గీరాను, మళ్ళీ విభూతి. తొవ్వడానికి రెండు రోజులు పట్టింది. ఒక్కో గుంట పూర్తికాగానే పెద్దమ్మ చెయ్యి పెట్టి, నాలుగు గింజలు వేసి, ఒక్క పట్టున తీసి, "ఊ, ఇంగోటి," అనేది. పద్నాలుగు గుంటలకూ పద్నాలుగు సార్లు. స్కేలు పట్టుకుని నేను పక్కనే నిలబడ్డాను. దాన్ని ఎవరూ అడగలేదు.