మోటారు కాలితే మాటలు పడింది మా అమ్మ

పొద్దున మా బోరు మోటారు కాలిపోయింది. ఇల్లంతా ఆ మాడు వాసనే. నా ఈడోళ్ళకు గుర్తుండాదా, ఊర్లోకి కరెంటు కొత్తగా వచ్చినప్పుడు మోటారుకు కూడా బొట్టు పెట్టి, దండేసి మొక్కేది?

చింతామణిలో మాకు శెనక్కాయ నూనె మిల్లు ఉండేది. ఒకరోజు మోటారు తిరక్కుండా గుయ్యిమంటా నిలబడింది. చెయ్యి పెడితే సుర్రుమంటాండాది. మా తాత నేరుగా మా అమ్మ మీద పడినాడు.

"ముట్టులో ఉండి మోటారు రూములోకి పోయినావా?"

"నేను ఆ పక్కకే పోలేదు మామా" అనింది అమ్మ. ఎవరు విన్నారు! మోటారు మీద పసుపు నీళ్ళు చల్లి, మళ్ళీ మళ్ళీ స్విచ్చి వేసినారు. లోపల కాయిలు మాడి పొగ లేచింది.

మెకానిక్ వచ్చి చూసినాడు. "మూడు ఫ్యూజుల్లో ఒకటి పోయిండాదప్పా. రెండు లైన్లతో ఇది తిరగదు, ఉడికి కాలిపోతాది."

తాత తలూపినాడు. అమ్మతో మాత్రం తప్పయిందని ఒక్క మాట అనలేదు. చచ్చేదాకా అమ్మ ఆ రూము గడప తొక్కలేదు.

ఈ పొద్దు నా మనవడు, ఇంజనీరింగు చదివినోడు, "మోటారు ఎవరు వేసింది?" అంటా నేరుగా పెండ్లాం దిక్కు తిరిగినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు పోయి ఫ్యూజు చూడరా! దాని మొగం తర్వాత చూద్దువు!"