ఊదుబత్తి పొగ వంగిన చోటు

తనూజకు కారు నడపడం రాదని మొగుడు జయచంద్ర తేల్చేశాడు. ఆమెకు పెనుకొండ ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. రోజూ ధర్మవరం నుంచి తనే నడుపుకుంటూ పోతుంది. నెల రోజులుగా స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదిస్తే చాలు, ఇంజను దడదడలాడి ఆగిపోతోంది. వేగం అందుకుంటే మాత్రం ఏ పేచీ లేదు.

"నీకు క్లచ్ అబ్బలేదు. ఇంగొక్కసారి ఆగిందంటే తాళాలు నాకిచ్చి బస్సుకు పో" అన్నాడు. పట్టుచీరల మూటలు అంగళ్ళకు చేర్చడానికి అతనికీ కారు కావాలి.

తప్పు తన కాలిదైతే ఏసీ వేసినప్పుడే ఈ దడ ఎందుకు ముదురుతోంది? ఆ ప్రశ్న తనూజను వదల్లేదు. గురువారం పని కాగానే పెనుకొండలోనే మెకానిక్ ముత్యాలప్ప షెడ్డుకు కారు తీసుకుపోయింది.

ముత్యాలప్ప ముందు బానెట్ ఎత్తలేదు. సీట్లో కూర్చుని, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, కాళ్ళు రెండూ వెనక్కి తీసుకున్నాడు. అయినా కారు వణికింది.

"క్లచ్ మీద కాలే లేదు కదన్నా!"

"అదే చూస్తాండా తల్లీ."

ప్లగ్గులు విప్పి చూశాడు, బాగానే ఉన్నాయి; మళ్ళీ బిగించి ఇంజను స్టార్ట్ చేశాడు. పెట్రోలు ఎక్కడా కారడం లేదని వాసన పట్టి, తడిమి నిర్ధారించుకున్నాడు. అప్పుడు ఊదుబత్తి వెలిగించాడు.

"ఏమన్నా, చేతనైంది అయిపోయి పూజకు దిగినావా?"

"పూజ దేవునికి కాదమ్మా, దొంగకు."

నడుస్తున్న ఇంజను మీద పొగ తిన్నగా లేచింది. తనూజ బత్తి తీసుకుని తనే మెల్లగా జరిపింది. ఇంజనుకు తగిలించిన వేలంత లావు రబ్బరు పైపు దగ్గర పొగ చటుక్కున వంగి లోపలికి పోయింది. ఇంకోసారి జరిపింది. అక్కడే వంగింది. గోటితో తడిమితే సన్నటి చీలిక.

"ఇంత దానికేనా?"

"మెల్లగా తిరిగేటప్పుడు ఇంజను పీల్చే గాలే రవ్వంత. దాంట్లో ఈ దొంగగాలి కలిస్తే పెట్రోలూ గాలీ కలిసే పాకం చెడతాది. ఏసీ బరువు కూడా పడితే ఇంకా దడదడలాడతాది. స్పీడులో పీల్చేది బోలెడు. అప్పుడు ఇది యాడ తెలుస్తాది?" అన్నాడు ముత్యాలప్ప. "పైపు హిందూపురం నుంచి రేప్పొద్దునకొస్తాది. అందాక టేపు చుడతా."

"వద్దన్నా. ఉన్నది ఉన్నట్టే ఉండనీ" అంది తనూజ.

ఆ సాయంత్రం ఇంటికి పోగానే తాళాలు జయచంద్రకిచ్చి, చీరల మూటలతో పాటు తనూ కారెక్కింది. బజారు మలుపులోపే కారు మూడుసార్లు ఆగింది.

"ఏమబ్బా, బండి నేర్చుకునేది ఈడేనా?" వెనక ఆటోవాడు అరిచాడు.

జయచంద్ర చెమట తుడుచుకుంటూ భార్య వైపు చూశాడు. తనూజ నవ్వలేదు. పైపు సంగతి మొదటి నుంచి చెప్పింది.

మరునాడు పొద్దున అతను తాళాలు అడగలేదు. ఎడమవైపు తలుపు తీసి కూర్చుని, "పద, ఆ చీలిక నేనూ చూస్తా" అన్నాడు.