తీపెక్కిన మెతుకు

నా చిన్నప్పుడు, బాన్సువాడ దగ్గర మా పొలానికి కాలువ నీళ్లు వంతుల మీద వచ్చేవి. వంతు తప్పిపోకుండా మా తాతయ్య కాలువ గట్టు మీదే కాపలా కూర్చునేవాడు. అలా తెచ్చుకున్న నీటిని మడిలో నిలబెట్టడమే గాని, బయటికి వదలడం ఆయన ఎరగడు.

ఆ వానాకాలం వరి పొట్టకొచ్చే వేళకు నీళ్లకు కాస్త పైన, కాడల మీద బూడిదరంగు మచ్చలు పడ్డాయి, పాము ఒంటి మీది పొడల్లాగా. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ తిండి ఆ మడే. బోధన్‌లో డిగ్రీ చదువుతున్న పక్కింటి అక్కను తాతయ్య పిలిచి చూపించాడు.

"పొడ తెగులు తాతా, ఒక తీరు బూజు. నీళ్లు తీసెయ్యి. యూరియా చల్లకు."

"బూజు గింత గట్టి కాడనెట్ల తింటది? దానికేమన్న పండ్లున్నయా?" అని తాతయ్య నవ్వాడు.

అక్క తాతయ్య సద్దిమూట విప్పి నా నోట్లో చిన్న అన్నం ముద్ద పెట్టింది. "మింగకు పిల్లా, నోట్లనే ఉంచు." కాసేపటికి మెతుకులు మెత్తబడి, చప్పటి అన్నం తీపెక్కింది. మెతుకును ఇలా కరిగించే ఎంజైములు మన ఎంగిలిలో ఉన్నట్టే, కాడను కరిగించేవి బూజులోనూ ఉంటాయని, నోరు లేని బూజు వాటిని కాడ మీదికే వదిలి, దాని గోడలు కరిగించి ఆ రసం తాగుతుందని చెప్పింది. తడి నిలిచినా, యూరియాకు కాడ లేతగా పెరిగినా దానికి పండగేనట.

"కొట్లాడి తెచ్చుకున్న నీళ్లు బిడ్డా, గవే ఇడిసిపెట్టమంటవా?"

తాతయ్య వినలేదు. యూరియా చల్లాడు. మడి ముదురు పచ్చగా కమ్ముకుంది. "చూసినవా డాక్టరమ్మా!" అని గోడ మీదుగా కేకేశాడు.

కంకులు బరువెక్కే వేళ చిన్న గాలికే మడంతా పడిపోయింది. తాతయ్య ఒక కాడను వేళ్లతో నొక్కితే నానిన గడ్డిలా చితికింది. వేళ్లకంటిన ఆ తడి చూసుకుంటూ, "బిడ్డ ముందుగాల్నే చెప్పింది," అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు, ఆమెతో కాదు. ఆమె ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. ఎండాకాలంలో అక్క పెళ్లయి, అత్తగారి ఊరు దెగ్లూర్ వెళ్లిపోయింది.

మరుసటి వానాకాలం మచ్చలు కనబడగానే తాతయ్య తన చేత్తోనే మడి గట్టు తెంపి నీళ్లు వదిలేశాడు. పంట నిలబడింది. కొత్త బియ్యం చిన్న మూట కట్టి, "దెగ్లూర్ పోయొస్త," అన్నాడు. రేపు రేపంటూనే మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు. మూట దూలానికి వేలాడుతూ ఉండిపోయి పురుగు పట్టింది.

ఇప్పుడు నాది ఆయన వయసు. తింటూ తింటూ ఒక్కోసారి నమలడం ఆపుతాను. ముద్ద మెల్లగా తీపెక్కుతుంది. నువ్వన్నదే నిజమని నేను వెళ్లి చెప్పవలసిన వాళ్లు ఎవరైనా మిగిలారేమో అని, అది మింగేలోపు మనసులోనే వెతుక్కుంటాను.