రెండు గింజల కాయ

మా ఉరవకొండ బజారులో నా చిన్నప్పుడు నేను చేసినంత లాభసాటి బేరం ఇంతవరకూ ఎవరూ చేసి ఉండరు. సగం కొరికేసిన బొరుగుల ఉండ ఒకటి ఇచ్చి, నిండైన శెనక్కాయ ఒకటి తీసుకున్నాను. ఎదుటి మనిషి ఏడవలేదు, వెనక్కి ఇమ్మని అడగలేదు, పైగా నవ్వింది. ఆమెకు ఐదేళ్లు, నాకు తొమ్మిది. కిరాణా అంగడి గడప మీద పెరిగినదానికి ఆ మాత్రం నేర్పు లేకపోతే ఎట్లా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ ఒక్క శెనక్కాయ కోసం ఒక పసిదాని ప్రాణాన్ని తక్కెడలో పెట్టానని తెలియడానికి గంట సేపు పట్టింది.

మొన్న మా వీధిలో ఒకరి కోడలు స్విట్జర్లాండ్ చూసి వచ్చి ఫోటోలు చూపించింది. పచ్చని కొండ, కొండ మీద రాతి కోట, కింద అద్దంలాంటి చెరువు. ఎంత బాగుందో అని అందరూ అంటుంటే నేను ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని, ఆ కోటలో బావి ఎక్కడుంది, దాని చుట్టూ కంచె ఉందా అని వెతికాను. ఉంది. నడుమెత్తు ఇనుప కంచె. అది చూశాక గానీ ఆ ఊరు నాకు నచ్చలేదు. ముసలామెకు చాదస్తం అనుకుని ఉంటారు. అనుకోనీ.

మా వైపు అమావాస్యకు అంగళ్లు మూస్తారు. అట్లాంటి ఒక అమావాస్య నాడు మా నాయనా, పక్కనే గాజులంగడి పెట్టుకున్న అక్కా, ఇంకో ముగ్గురు అంగళ్లవాళ్లూ కలిసి పిల్లలందరికీ గుత్తి కోట చూపిద్దామని శెనక్కాయల లారీ ఎక్కించారు. అమావాస్య పూట పిల్లలను కొండెక్కిస్తారా అని మా అవ్వ గొణిగింది. ఎవరూ వినలేదు. పదకొండు మంది పిల్లలం. అందరికంటే చిన్నది గాజులంగడి అక్క కూతురు. తల్లి అంగట్లో మిగిలిన చిన్న సైజు గాజులన్నీ దాని చేతులకే ఎక్కించేవారు కాబట్టి, అది ఎక్కడుందో చూడనక్కర్లేదు, వింటే చాలు.

కొండ కింద గొర్రెల తాత మా కోసం కాచుకుని ఉన్నాడు. ఆ కోటలోనే గొర్రెలు మేపేవాడు. సంతకు వచ్చినప్పుడల్లా మా అంగట్లో పొగాకు కొనేవాడు గనుక, దారి చూపించమని మా నాయన ముందే చెప్పి పెట్టాడు. తాత మమ్మల్ని వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో శెనక్కాయ పెట్టాడు.

"మనుషులను నోటితో ఎంచకూడదప్పా, దిష్టి. గొర్రెలనే నేను ఎంచను. ఇది మీ లెక్క. వాకిలి వాకిలికీ నా చేతికి ఇచ్చి దాటండి, దాటినాక మళ్లా ఇస్తా. తిన్న్యారో, కాయ లేనోళ్లను ఆడనే కోతులకిచ్చి పోతా."

పెద్దపిల్లలం నవ్వాం. చిన్నది నవ్వలేదు. కాయను గుప్పిట్లో దాచుకుంది. ఆ సంగతి నేను అప్పుడే చూశాను, కానీ పట్టించుకోలేదు.

ఎక్కుతున్నకొద్దీ కోట వాకిళ్లు, అంటే రాతి ద్వారాలు, వస్తూనే ఉన్నాయి. ప్రతి వాకిట్లోనూ తాత కుడిచేతిలో పదకొండు గులకరాళ్లు పట్టుకునేవాడు. ఒక కాయ అందితే ఒక రాయి ఎడమచేతికి మారేది. కుడిచేయి ఖాళీ అయితేనే కదిలేవాడు. రెండు వాకిళ్ల మధ్య రాతిలో తొలిచిన నీళ్ల గుంతలు కనిపించాయి. మా వైపు వాటిని దొనలంటారు. వాటికి గోడ లేదు, గట్టు లేదు. గడ్డి నేల అనుకుని అడుగు వేస్తే అడుగే ఉండదు. నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా ఉన్నాయి. నిరుడు ఒక మేక అందులో పడిందని, అరిచిన అరుపు కూడా పైకి రాలేదని తాత మామూలుగా చెప్పాడు. ఆ మాటకు నేను దారికి అవతలి పక్కకు జరిగి నడిచాను.

పైన, లోయ అంచున రాజు కూర్చునేవాడనే మండపం దగ్గర సద్ది మూటలు విప్పారు. చిన్నది తన ఉండ తినేసి నా ఉండను చూస్తూ కూర్చుంది. నాకు బేరం వాసన తగిలింది. ఇది వాళ్లమ్మ కొంగు పట్టుకుని దాటే పిల్ల, దీనికి వేరే కాయ ఎందుకు, నాకైతే ఆకలి తీరలేదు అని లెక్క వేశాను. సగం ఉండ చూపించాను. అది గుప్పిలి విప్పింది. కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాను. అయిపోయింది.

దిగేటప్పుడు మొదటి వాకిట్లో తాత కుడిచేతిలో ఒక రాయి మిగిలిపోయింది.

"ఎవురు తిన్న్యారో చెప్పండప్పా, కొట్టను," అన్నాడు నవ్వుతూనే. అందరూ మొహాలు చూసుకున్నారు. మా నాయన నవ్వాడు. గాజులంగడి అక్క మాత్రం నవ్వలేదు. ఆమె తల ఒక పక్కకు వంచి వింటోంది. గాజుల చప్పుడు లేదు.

"నా బిడ్డ యాడ?" అంది.

ముందు మా నాయన కేక వేశాడు. ఆ కేక రాతి గోడలకు తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగి వచ్చింది, ఎవరో మమ్మల్ని వెక్కిరించినట్టు. నేను మనసులో అనుకున్నాను, ఇంకొక్క కేక చూద్దాం, దొరికితే చెప్పే పనే ఉండదు. బేరంలో మొదటి మాటకే ఒప్పుకోకూడదు, కాస్త ఆగితే ధర దిగుతుంది, ఇది మా బజారు చదువు. రెండో కేక మిగతా అంగళ్లవాళ్లు వేశారు. ఇంకొక్కటి చూద్దాం. మూడోది అక్క వేసింది. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. అయినా నోరు విప్పలేదు. చెబితే నాయన వీపు పగలగొడతాడన్న భయం ఒకటి, నా నోట్లో ఇంకా శెనక్కాయ వాసన వస్తోందేమో అన్న భయం ఇంకొకటి. నాలుగో కేక కూడా అక్కదే. అది సగంలో విరిగిపోయింది.

ఐదో కేక రాలేదు. ఎందుకా అని తలెత్తి చూశాను. అక్క పిలవడం మానేసి, దొన అంచున మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలోకి చూస్తోంది.

నేను పరుగెత్తి గొర్రెల తాత పంచె పట్టుకున్నాను. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఉండ, కాయ, కోతులు, నేనే, నేనే.

"నువ్వే తింటివా?"

తల ఊపాను. కొడతాడనుకున్నాను. ఆయన మొహంలో రక్తం తిరిగి వచ్చింది.

"అట్లయితే బిడ్డ పడలేదమ్మీ. దాక్కోనుండాది. పడినోళ్లను వెతికేది ఒక తీరు, దాక్కున్నోళ్లను వెతికేది ఇంకో తీరు. మనం అరిచేకొద్దీ అది ఇంకా లోపలికి పోతాది."

అందరినీ నోరు మూయమన్నాడు. తలపాగా సర్దుకుని, ఏ తొందరా లేనివాడిలా వాకిట్లో చతికిలబడ్డాడు. సంచిలోంచి ఒక శెనక్కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. ఎదురుగా ఎవరో కూర్చుని ఉన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టాడు.

"ఈడెవరో కాయ పారేసుకున్న్యారే. రెండు గింజల కాయ. ఎవరిదప్పా ఇది? వచ్చి తీసుకుంటే వాకిలి దాటొచ్చు. కోతులకు ఈ పొద్దు సెలవు."

గాలి తప్ప ఏమీ లేదు. అంతమంది ఊపిరి బిగబట్టి నిలబడితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. తాత మళ్లీ అదే మాట, అదే గొంతుతో అన్నాడు. అప్పుడు ఒక గాజు, ఒకే ఒక గాజు, ఎక్కడో చిన్నగా మోగింది.

వాకిలికి కుడి పక్క పాడుబడిన ధాన్యపు కొట్టు ఒకటి ఉంది. దాని గోడ సందులోంచి చిన్నది తల బయటపెట్టింది. చప్పుడు కాకుండా రెండు ముంజేతులనూ పొట్టకు అదుముకుని ఉంది. దాని మడమల వెనక జానెడు నేల. ఆ వెనక పాత ధాన్యపు పాతర, నల్లగా నోరు తెరుచుకుని.

అక్క లేవబోయింది. తాత చూపు చిన్నదాని మీద నుంచి కదపకుండానే చేయి అడ్డం పెట్టాడు. "ఉరకాకమ్మా. నువ్వు ఉరికితే అది వెనక్కి జరుగుతాది."

అక్క కూర్చుండిపోయింది. తన కొంగు తన నోట్లో కుక్కుకుంది. తాత కాయను ముందుకు చాపాడు. చిన్నది ఒక అడుగు వేసింది. ఆగింది. నా వైపు చూసింది, మళ్లీ బేరం చేస్తానేమోనని కాబోలు. నేను రెండు చేతులూ వీపు వెనక దాచుకున్నాను. ఇంకో అడుగు. ఇంకొకటి. వచ్చి కాయ తీసుకుని, పద్ధతి ప్రకారం మళ్లీ తాత చేతిలోనే పెట్టింది. ఆయన మిగిలిన గులకరాయిని ఎడమచేతికి మార్చాడు. అప్పుడు ఆయన చేతిలో రాళ్లన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

నాయన అడిగాడు, అసలు ఎందుకు దాక్కుందని. నేను తాత మొహం చూశాను. "నేనే బెదిరిస్తినప్పా, కోతులకిస్తానని. పసిబిడ్డ నిజమనుకున్న్యాది," అన్నాడు తాత. అంతే. లారీ దగ్గరికి దిగేటప్పుడు నన్ను పక్కన నడిపించుకుంటూ మెల్లగా అన్నాడు, "తప్పులో నా సగం నేను చెప్పుకుంటి. నీ సగం ఎప్పుడు చెప్పుకుంటావో నీ ఇష్టం."

ఎదుటివాడు అడక్కుండానే తన వంతు బరువు తనే ఎత్తుకోవడం నేను అంతకుముందు ఏ అంగట్లోనూ చూడలేదు. నా సగం ఆ రాత్రి చెబుదామనుకున్నాను, రేపు అనుకున్నాను, పండగ పోనీ అనుకున్నాను. ధర దిగుతుందేమోనని. ఆరేళ్ల తర్వాత అక్క నా చేతికి గాజులు వేస్తుండగా చెప్పాను. ఆమె కొంచెం సేపు నా ముంజేయి వదల్లేదు. "ఆ పొద్దు చెప్పినందుకే బిడ్డ దొరికినాది. ముందే చెప్పింటే నా గొంతు మిగిలేది," అంది. ఆ నాలుగో కేకకు పోయిన గొంతు ఆమెకు మళ్లీ పూర్తిగా రాలేదు.

ఇప్పటికీ ఎవరైనా కనిపించకపోతే, ఏదైనా పగిలితే, నాకు తెలిసింది మొదటి కేకకే చెప్పేస్తాను. తప్పు నాది కాకపోయినా చెప్పేస్తానని మా ఇంట్లో నవ్వుతారు.

ఇక ఆ రోజు చిట్టా. ఇచ్చింది, ఎంగిలి బొరుగుల ఉండ సగం. వచ్చింది, ఒక శెనక్కాయ. అందులో గింజలు రెండు. ఒకటి పుచ్చుది, ఉమ్మేశాను. రెండోదాని రుచి గుర్తులేదు. పోయింది, నాలుగు కేకలు. వాటిలో ఒక్కదాన్నీ ఈ రోజు వరకూ తగ్గించలేకపోయాను.