తిన్నె మీద తూకం

మొన్న మణవాళనగర్ ఆసుపత్రిలో మా మనవరాలిని చూసిన డాక్టరమ్మ, "ఏడో నెల వచ్చింది. కడుపునిండా తినాల, తగ్గించకూడదు" అని చెప్పి తర్వాతి పేరు పిలిచింది. అది లోకానికి ఎప్పటినుంచో తెలిసిన సంగతి అన్నట్టు చెప్పింది. ఆ ఒక్క మాట కోసం మా ఇంటి ముందరి అరుగు, ఆ తిన్నె మీద ఏమేం జరిగిందో నా నోటిదాకా వచ్చింది. అడగనివాళ్లకు ఇంటి గొప్ప చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. మనవరాలి వెనకే బయటికి నడిచాను.

పందొమ్మిదివందల డెబ్బైల చివరి రోజులు. తిరుత్తణిలో మాది అప్పటికి పేరుకే పెద్దిల్లు. సగం ఇంట్లో అద్దెకున్న వ్యాపారి నూలు బేళ్లు ఉండేవి. అయినా మా నాయన కూరగాయలకు వెళ్లినా ఉత్తరీయం లేకుండా గడప దాటేవాడు కాదు. మా పిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, మద్రాసులో కానుపుల డాక్టరు. ఈ పక్క బిడ్డలు అంత తక్కువ బరువుతో ఎందుకు పుడుతున్నారన్నది ఆమె పరిశోధన. నెలకోసారి రైలులో వచ్చేది. మొదటిసారి ఇనుప తూకం మిషను మోయించుకొచ్చింది. పోర్టరు అది ఏ మండీకి అని అడిగాడట.

దాన్ని మా తిన్నె మీద పెట్టింది. వెనక వీధి నేతవాళ్ల ఆడవాళ్లు వచ్చి చూశారేగాని ఎక్కలేదు. కడుపుతో ఉన్నదాన్ని తూస్తే దిష్టి. "చెనక్కాయ మూట మాదిరి మమ్మల్ని తూస్తావా డాక్టరమ్మా? ముందర మీ ఇంటి బిడ్డని ఎక్కించు, ఆమీద మేము ఎక్కుతాము" అనింది ఒకామె.

ఆ ఇంటి బిడ్డ మా అక్క. మొదటి కానుపుకు వచ్చి ఉంది. అమ్మ తలుపు వెనకనుంచే, "మన ఇంటి ఆడబిడ్డ వీధిలో తూకానికి నిలబడేదా? యాడన్నా ఉండాదా ఇది!" అనింది. అక్క నవ్వి, "తూస్తే కరిగిపోతానా అమ్మా?" అని పోయి ఎక్కేసింది. తర్వాత వాళ్లంతా ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు.

పిన్నమ్మ అడిగి అడిగి తెలుసుకున్నది ఇదీ. నేతవాళ్లు నెలలు నిండేకొద్దీ తిండి తగ్గిస్తారు. పొట్ట పెరిగితే గుంటమగ్గంలో బట్ట చుట్టే కొయ్యకు తగులుతుంది, పని ఆగిపోతుంది. మా ఇంట్లో మగ్గం లేదు. అయినా ఏడో నెల రాగానే అమ్మ అక్క కంచంలో అన్నం సగం చేసింది. మరుసటి నెల అక్క తూకం పెరగకపోగా కాస్త తగ్గింది.

పిన్నమ్మ నేరుగా వంటింట్లోకి పోయింది. "దానికి అన్నం పెట్టక్కా."

"మన పెద్దక్క కానుపులో ఎట్లా పోయిందో నువ్వూ చూసినావు గదా. లోపల బిడ్డ పెరిగిపోయి, రాలేక. బిడ్డ చిన్నదైతే తల్లి దక్కుతుంది."

"లోపలి బిడ్డ దక్కద్దా?"

"నీకు ఆ బిడ్డ. నాకు ఈ బిడ్డ" అనింది అమ్మ, అక్కను చూపించి.

ఒకే అక్క చావు ఇద్దరూ చూశారు. ఒకరికి అది భయమైంది, ఒకరికి చదువైంది. పిన్నమ్మ సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. ఇంట్లో అమ్మ ఉంది, అక్క కంచంలో అన్నం సగమే ఉంది.

తిరువళ్లూరు ఆసుపత్రిలో అక్క కానుపు సులువుగానే అయింది. మగబిడ్డ. అరచేతిలో పట్టేటట్టున్నాడు. పేరు పెట్టకముందే పోయాడు.

తర్వాతి నెల తూకం బయట పెట్టినప్పుడు, ఏనాడూ పదిమందిలోకి రాని అమ్మ, పెరుగన్నం గిన్నెతో తిన్నె మీదికి వచ్చింది. దిగిన ప్రతి ఆడమనిషికీ పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. "ఇంత తింటే నేను మగ్గంలో పట్టను తల్లీ" అని ఒకామె నవ్వింది. "పట్టకపోతే మగ్గాన్ని జరుపు" అనింది అమ్మ. అమ్మ మాత్రం నవ్వలేదు.

పిన్నమ్మ వ్యాసాలు అచ్చయ్యాయి. ఊళ్లు తిరిగే నర్సులకు ఆమె పాఠాలు చెప్పింది. ఒక వ్యాసం ప్రతి నాకూ ఇచ్చింది. అందులో అన్నీ అంకెలే. వాటిలో అక్క ఏదో నేను పోల్చుకోలేకపోయాను. మా ఇంటి పేరు కూడా ఎక్కడా లేదు. అదే అడిగాను, కొంచెం కోపంగానే. "పేరుంటే మీ ఇంటి కథ అవుతుందిరా. లేకపోతేనే అందరికీ పనికొస్తుంది" అనింది. ఆ జవాబు నాకు చాలా ఏళ్లు రుచించలేదు.

ఆసుపత్రినుంచి వస్తూ హోటల్లో కూర్చున్నాం. మనవరాలు రెండో దోసె చెప్పింది. "ఏం తాతా అట్లా చూస్తావు? డాక్టరమ్మ తినమనింది గదా" అనింది. తిను తల్లీ అన్నాను. మా వంటింట్లో ఆ రోజు ఓడిపోయిన పిన్నమ్మ మాటను కాలం నిదానంగా ఈ బల్లదాకా మోసుకొచ్చింది, మా అక్క బిడ్డను మాత్రం అందుకోలేకపోయింది.